స్థానికుల కథనం ప్రకారం

నేను ఇంతకు ముందు ఎందుకు రాయలేదని అడిగేవాళ్ళు ఏదో పెద్ద కారణం ఉంటుందనుకుంటారు. ఇంట్లో వద్దన్నారనో, భయపడ్డాననో, మనసులోనే దాచుకున్నాననో. అదేమీ లేదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం తెలియదు. మా నాయన గొర్రెలు కాచేవాడు. వానలు పడని ఏడు మేత ఎక్కడుంటే అక్కడికి మందతో పాటు మేమూ పోయేవాళ్ళం. మా వైపు వానలు పడే ఏడు తక్కువ. బడి ఒక్కచోటే ఉండేది, మేం ఒక్కచోట ఉండేవాళ్ళం కాదు. పెళ్ళయ్యాక శెనక్కాయలు పెరకడం, ఒలవడం. మా ఆయన పోయాక రోడ్డు పక్కన పొయ్యి. చేతులు ఖాళీ అయ్యేసరికి యాభై దాటింది.

అక్షరాలు వచ్చి ఇప్పటికి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఒక ఉత్తరం తప్ప ఏమీ రాయలేదు. ఆ ఉత్తరం వల్లే మళ్ళీ రాయాలంటే చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దాని సంగతే.

మా ఊరు గార్లదిన్నె నుంచి లోపలికి వచ్చే రోడ్డు మీద ఉంటుంది. నా అంగడిలో పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపులో కలిపి, పైన ఇంత పుట్నాల పొడి చల్లితే అదే ఉగ్గాని. ఆరు గంటలకు మొదటి బస్సు నుంచి పేపరు కట్ట కింద పడుతుంది. ఎవరి చేతికి ముందు అందితే వాళ్ళు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు తింటూ వినాలి. ఇది మా ఊరి పద్ధతి. ముందు రాజకీయం, తర్వాత శెనక్కాయల ధర, ఆ తర్వాత వాన ఎంత తక్కువ పడిందో. చివర్లో జిల్లా పేజీ. అక్కడికొచ్చేసరికి చదివే గొంతు కొంచెం తగ్గుతుంది, వినే చెవులు కొంచెం పెరుగుతాయి. అప్పుడే ఎక్కువమంది రెండో టీ అడుగుతారు.

రెండు రోజుల తర్వాత అదే పేపరు బజ్జీలు కట్టడానికి నా దగ్గరికి వస్తుంది.

అక్షరాలు రాని రోజుల్లో నేను బొమ్మలు చూసేదాన్ని. జిల్లా పేజీలో ఎప్పుడూ ఒక ఆడపిల్ల ఫొటో ఉండేది. పట్టుచీర, పూలజడ, నుదుటన బాసికం. పక్కన ఒక్కోసారి పెళ్ళికొడుకు కూడా. పేపరులో ఫొటో వేయించుకున్నారంటే ఉన్నవాళ్ళ పెళ్ళిళ్ళే అయ్యుంటాయని అనుకున్నాను. కరువు కరువు అంటారు గానీ ఈ జిల్లాలో పెళ్ళిళ్ళు మాత్రం బాగానే జరుగుతున్నాయని సంతోషపడ్డాను కూడా.

ఒక సాయంత్రం పక్కింటి కోడలు బజ్జీలకొచ్చింది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని ఆమెది. పదో తరగతి దాకా చదువుకుంది. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను పేపరు చించి పొట్లం కట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"దీంట్లో కట్టొద్దు పెద్దమ్మా."

"ఏమమ్మీ? శుభ్రంగానే ఉండాదే. పెళ్ళికూతురు బొమ్మ."

"పెళ్ళికూతురేంది? ఈ పిల్లను కొట్టి చంపినారు."

"మరి పెళ్ళి ఫొటో ఎందుకేసినారు?"

"ఆ పిల్లకు ఉండేదే ఆ ఒక్క ఫొటో ఏమో!"

నూనె అప్పటికే కాగితానికి అంటుకుని ఆ పిల్ల చెంప మీదికి పాకింది. ఎన్ని నెలలుగా నేను ఎంతమంది చచ్చిపోయిన పిల్లల ముఖాల్లో బజ్జీలు కట్టి ఇచ్చానో లెక్క లేదు. నాకు చదువు కావాలనిపించింది ఆ రోజే. జ్ఞానం కోసం కాదు, దేంట్లో బజ్జీలు కడుతున్నానో తెలియడం కోసం.

చదువు చెప్పింది కూడా ఆమే. రోజూ నాలుగున్నరకు బడి గిన్నెలు కడిగేసి వచ్చి, అంగడి అరుగు మీద పాత పేపరు పరిచేది. పెద్ద అక్షరాలైతే నా కళ్ళకు ఆనతాయని హెడ్డింగులతో మొదలుపెట్టింది. జిల్లా పేజీలో పెద్ద అక్షరాలు ఎక్కువ. పిల్లలు అమ్మతోనో ఆవుతోనో మొదలుపెడతారు, నేను అనుమానంతో మొదలుపెట్టాను. "హ" నాకు హత్యలో దొరికింది. "ఘ" ఘాతుకంలో తప్ప ఇంకెక్కడా కనబడలేదు. క్షణికావేశం అన్న మాట చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. క్షణంలో వచ్చేదానికి అంత పొడుగు పేరు పెట్టారేమని అడిగితే ఆమె నవ్వి, "మగోళ్ళది కదా, మర్యాదగా పెట్టినారు" అంది.

ఏడాది తిరిగేసరికి వార్త మొత్తం చదవగలిగాను. అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పొలం గట్టు దగ్గర అన్న తమ్ముణ్ణి కొడితే అన్న పేరు, తమ్ముడి పేరు, గట్టు ఎవరి వైపు జరిగిందో, అన్నీ రాస్తారు. మొగుడు పెళ్ళాన్ని కొడితే కుటుంబ కలహాలు అంటారు. కలహం ఇద్దరిది, దెబ్బలు ఒకరివి. కొట్టినవాడు మద్యం మత్తులో ఉంటాడు, లేకపోతే మనస్తాపంలో ఉంటాడు. దెబ్బలు తిన్నామె మాత్రం తరచూ ఫోన్లో మాట్లాడుతూ ఉంటుంది. వాడికి ఏ పొద్దూ ఫోను ఉన్నట్టు రాయరు.

"కొట్టేటప్పుడు ఒక కారణం ఉంటాది పెద్దమ్మా, కొట్టినాక ఇంకో కారణం పుడతాది" అనేది ఆమె. "పేపరోళ్ళకు రెండోదే దొరుకుతాది."

ఇంత తెలిసిన నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

ఆమె భర్త బెంగళూరులో సెంట్రింగు పనికి పోయేవాడు. రెండేళ్ళ కిందట, మబ్బులు వచ్చి వచ్చి వెళ్ళిపోతున్న రోజుల్లో, ఊరికి వచ్చాడు. భార్యాపిల్లల్ని తనతో తీసుకుపోతానన్నాడు. ఆ సాయంత్రం ఐదు గంటలప్పుడు నేను మరుసటి రోజుకు మిరపకాయలు చీరుతున్నాను. గోడ అవతలి మాటలు ఇవతలికి ఎప్పుడూ వినిపిస్తాయి.

"వస్తావా రావా?"

"పిల్లోళ్ళ బడి ఈడ ఉండాది. నా పని ఈడ ఉండాది. ఆడికొచ్చి రేకుల షెడ్డులో నేనేం చేసేది? నువ్వు పో, పండక్కి రా."

"నా మాటంటే లెక్కలేదు నీకు."

"లెక్క ఉండాది కాబట్టే పోనిస్తాండా."

ఆ తర్వాత మాటలు లేవు. పార కట్టె శబ్దం. నేను పోయేసరికి ఆమె వాకిట్లో పడి ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వేరే వైపుకు తిరిగి ఉంది. తల నుంచి నెత్తురు. ఇరుగుపొరుగు కలిసి ఆటోలో ఎక్కించి అనంతపురం పంపించాం. ఆయన కట్టె పక్కన పెట్టి, కుండలో నీళ్ళు ముంచుకు తాగి, చెప్పులేసుకుని వాళ్ళన్న ఇంటికి పోయాడు. పోలీసులు వచ్చి అక్కడినుంచే తీసుకుపోయారు.

మరుసటి పొద్దున అంగడి కిటకిటలాడింది. ఆమెకు బావ, అంటే ఆయన అన్న, ఎప్పటిలాగే మొదటి ప్లేటు ఉగ్గాని తింటున్నాడు. ఊళ్ళో నలుగురు వినే మనిషి. అప్పుడు విలేకరి మోటారుసైకిలు దిగాడు. మండలం మొత్తానికి ఆయనొక్కడే, చెడ్డమనిషి కాదు. పొద్దున పిల్లలకు ట్యూషన్లు చెబుతాడు, మధ్యాహ్నం ప్రకటనల కోసం తిరుగుతాడు, మిగిలిన కాస్తలో వార్తలు.

"అక్కా, నీ గోడ పక్కనే కదా. ఏమి జరిగినాది?"

"కొట్టినాడప్పా."

"కొట్టినాడని స్టేషన్లో చెప్పినార్లే. కారణం కావల్ల. కారణం లేకుండా పంపిస్తే ఆడ డెస్కులో కూర్చున్నోళ్ళు ఫోన్ చేసి తిడతారు."

ఆమె బావ తల ఎత్తకుండానే అన్నాడు. "కారణమేముంటాదప్పా, మొగుడూ పెండ్లాల మధ్య మాటామాటా."

"అది రోజూ రాస్తాండాం అన్నా. వేరే ఏమన్నా ఉంటే చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో జల్లిగరిటె ఉంది, బాణలిలో బజ్జీలు ఉన్నాయి. గోడకు ఇవతల నేను విన్నది నాలుగు మాటలు. అవి చెబితే ఎదురుగా తింటున్న మనిషికి కోపం వస్తుంది. ఏమీ తెలియదంటే సరిపోయేది. కానీ నా నోట్లో అంతకంటే మంచి మాట ఒకటి సిద్ధంగా ఉంది. కష్టపడి నేర్చుకున్న మాట. ఎవరైనా అడిగితే బాగుండునని ఉన్న మాట.

"ఏముంటాదప్పా" అన్నాను. "అనుమానమే పెనుభూతమై ఉంటాది."

అంగడంతా ఒకటే నవ్వు.

"ఓర్నీ! అక్క అచ్చం పేపరు మాదిరే మాట్లాడుతాందే!"

"నీ పని పోయిందప్పో రిపోర్టరూ! అక్కకియ్యి ఆ ఫోను!"

"రాసుకో, రాసుకో. మళ్ళీ మర్చిపోతావు."

విలేకరి కూడా నవ్వుతూ రెండు బొటనవేళ్ళతో ఫోన్లో కొట్టేసుకున్నాడు. ప్లేటులో బజ్జీ చల్లారకముందే వార్త అనంతపురం చేరిపోయింది. నేనూ నవ్వాను. విలేకరి ప్లేటులో ఇంకో బజ్జీ వేశాను. అలా అనడంలో భయం పావు వంతు ఉంటే గొప్ప ముప్పావు వంతు ఉంది. అబద్ధమాడుతున్నానని కూడా నాకు అనిపించలేదు. ఏదో పరీక్షలో పాసైనట్టు ఉంది.

తెల్లవారి పేపరు ఆమె బావ చేతికే ముందు అందింది. పద్ధతి ప్రకారం ఆయనే చదివాడు, ఒకటికి రెండుసార్లు. అందరూ పోయాక నేను తీసుకుని అరుగు మీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చదివాను. పైన పెద్ద అక్షరాల్లో అనుమానం పెనుభూతమైంది. కింద పెళ్ళి ఫొటో. భార్య ప్రవర్తనపై అనుమానం పెంచుకున్న భర్త క్షణికావేశంలో దాడికి పాల్పడినట్లు స్థానికులు తెలిపారు. ప్రవర్తన అన్న మాట నేను చెప్పలేదు. అనుమానం అంటూ వచ్చాక అది దాని వెనకే వచ్చి కూర్చున్నట్టుంది. బెంగళూరు లేదు, బడి లేదు, పార కట్టె లేదు.

స్థానికులు అన్న మాట నేను అంతకు ముందు కొన్ని వందలసార్లు చదివి ఉంటాను. ఎవరో పెద్దమనుషులు, పదిమంది కూడి, ఆలోచించి చెబుతారు కాబోలనుకునేదాన్ని. ఆ రోజు తెలిసింది. స్థానికులంటే పొయ్యి దగ్గర నిలబడి బజ్జీలు తిప్పుతున్న ఒక మనిషి.

వారం తిరక్కుండానే ఆ కాగితం ముక్క బడికి చేరింది. తల్లిదండ్రుల కమిటీలో ఆమె బావ భార్య సభ్యురాలు. సమావేశాలకు పోయి కూర్చునేది మాత్రం ఆయనే. "పసిపిల్లలు తినే అన్నం. పేపర్లో ఇట్లా వచ్చిన మనిషి చేత వండిస్తే రేపు ఎవురైనా అడగరా?" అన్నాడట. వేరే ఊరి నుంచి ఒకామెను కొన్నాళ్ళకని పెట్టారు. పక్కింటామె సంగతి తర్వాత తేలుద్దామన్నారు. ఆమె మొగుడితో బెంగళూరు పోకుండా నిలబడిందే ఆ పని కోసం. కట్టెతో పోని పని కాగితంతో పోయేలా ఉంది.

ఆసుపత్రికి పోయాను. తలకు కట్టు, చేతికి పిండికట్టు.

"పెద్దమ్మా, పేపర్లో వచ్చిందంట కదా. తెచ్చినావా?"

"దొరకలేదమ్మీ" అన్నాను. సంచిలో టిఫిను గిన్నె కింద పరిచింది అదే పేపరు.

రెండోసారి పోయేసరికి పక్క మంచం వాళ్ళ ఫోన్లో చదివేసి ఉంది. పెదవి పగిలి ఉండటంతో సగం నోటితోనే నవ్వింది.

"స్థానికులు తెలిపినారంట పెద్దమ్మా. మన ఊర్లో ఆ ఇంటిపేరోళ్ళు ఎవురున్నారు?"

నేను మంచినీళ్ళ సీసా తేవడానికి లేచి బయటికి పోయాను.

నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. పేపరులో పోయిన మాటను పేపరులోనే తెప్పించుకోవచ్చు కదా అనిపించింది. నా బదులు అదే చెబుతుంది. అప్పుడు రాశాను ఆ ఒక్క ఉత్తరం. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నేను గోడ పక్కన ఉంటాను. ఆ రోజు నేను విన్నది బెంగళూరు మాట. రానంటే కొట్టాడు. అనుమానం మాట నేను వినలేదు. నేనే అన్నాను. పేపరులో చదివి అన్నాను. తప్పయింది. ఆమె మీద అట్లా రాయకూడదు. కింద నా పేరు, ఊరు.

విలేకరి ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివాడు. ముఖం పాలిపోతుందనుకున్నాను. వెలిగిపోయింది.

"ఇది నువ్వే రాసినావా అక్కా? నీ చేత్తోనే?"

"నేనే. వేస్తారా?"

"సవరణలు అంత సులభంగా వేయరక్కా. ఖండనలు వేస్తారు గానీ అవి నాయకులిస్తారు. అయినా అది పాతబడిపోయిన వార్త. ఉండు, ఉండు. నీ వయసెంత?"

"యాభై ఆరు."

"చదువు ఎప్పుడు నేర్చుకున్నావు?"

చెప్పాను. ఎవరు నేర్పారో కూడా చెప్పాను. ఫొటో తీయాలన్నాడు. ఒక చేతిలో జల్లిగరిటె పట్టుకోమన్నాడు, ఇంకో చేతిలో ఉత్తరం. కలం కూడా ఉంటే బాగుంటుందని తన జేబులోది తీసి నా చెవి దగ్గర దోపాడు. ఫొటో అయ్యాక కలం తీసుకున్నాడు.

నాలుగు రోజులకు పడింది. పావు పేజీ. అరవైకి చేరువలో అక్షర దీపం. కరువు సీమలో చదువుల పంట. బజ్జీల బాణలి ముందు నిలబడి స్వయంకృషితో అక్షరాలు నేర్చుకున్న మహిళ. ఫొటోలో నేను పెళ్ళికూతురిలా బిగుసుకుపోయి ఉన్నాను. అయినా దెబ్బలు తినకుండా జిల్లా పేజీలో ఫొటో పడిన ఆడమనిషిని మా ఊళ్ళో నేనేనేమో.

ఫోన్ చేశాను. "స్వయంకృషి ఏందప్పా? ఆయమ్మ చెప్పిందని చెప్పినా కదా?"

"ఆమె పేరెందుకులేక్కా, కేసు నడుస్తాంది. మంచి వార్తలో చెడు ఎందుకు కలపల్ల?"

"మరి నా ఉత్తరం?"

"పడింది కదక్కా! ఫొటోలో చూడు, నీ చేతిలోనే ఉండాది."

చూశాను. ఉంది. చీమలు పాకినట్టు నాలుగు గీతలు. నా తప్పు నేను ఒప్పుకున్న కాగితం జిల్లా మొత్తానికీ చేరింది. ఒక్కరూ చదవలేనంత చిన్నగా.

ఆ తర్వాత శాలువా. బడిలో సన్మానం పెట్టారు. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు చదువు విలువ గురించి మాట్లాడారు. కమిటీ తరఫున శాలువా కప్పడానికి లేచింది ఎవరనుకున్నారు? ఆమె బావే. కప్పి, నాకు దండం కూడా పెట్టాడు. "మా పక్కింటి అక్క" అన్నాడు మైకులో. నిజానికి తమ్ముడి పక్కింటి అక్కను, కానీ ఆ రోజు అందరికీ నేను పక్కింటి అక్కనే. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఎదురుగా మైకు, పక్కనే ఆయన. "అందరూ బాగా చదువుకోవల్ల" అని కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొట్టమన్నారు గనక కొట్టారు.

పోయేటప్పుడు హెడ్మాస్టరు పక్కకు పిలిచారు. ఆయన మెత్తని మనిషి. "రేపు తొమ్మిదింటికి కమిటీ కూర్చుంటుందమ్మా. వంట మనిషి సంగతి రేపు తేల్చేయాలంటున్నారు. నాకు ఆమెను తీసేయడం ఇష్టం లేదు. కానీ ఫైల్లో ఈ పేపరు ముక్క తప్ప ఇంకో కాగితం లేదు. దేన్ని చూపించి వద్దనాలి?"

శాలువాతోనే బస్సెక్కాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె తల్లిగారింట్లో ఉంది, మాకు రెండూళ్ళ అవతల. ఇంకా ఎండ పోలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఒంటి చేత్తో బియ్యం ఏరుతోంది.

"ఓహో, శాలువానే! ఎవురు కప్పినారు పెద్దమ్మా?"

"మీ బావ."

కుట్లు నొప్పెడుతున్నా ఆగకుండా నవ్వింది. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి చెప్పాను. స్థానికులు ఎవరో చెప్పాను. ఎలా అన్నానో, ఎందుకన్నానో కూడా చెప్పాను. ఆమె చెయ్యి చాటలోనే ఆగిపోయింది. పిల్లలిద్దరినీ బయటికి పోయి ఆడుకోమంది.

"ఆ పొద్దు ఎవురెవురున్నారు?"

చెప్పాను.

"నవ్వినారా?"

"నవ్వినారు."

"నువ్వు?"

"నేనూ నవ్వినా అమ్మీ."

మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నేను నేర్పించిన మాటే కదా" అంది. "నీ కాడ ఇట్లా పనికొస్తాదనుకోలేదు."

"తప్పయిందమ్మీ."

"నాతో చెప్తే ఏముండాది పెద్దమ్మా? నేనేందో నాకు తెల్సు. యాడ చెప్పినావో ఆడ చెప్పుపో."

ఎప్పుడు పోయినా టీ తాగి పొమ్మనే మనిషి ఆ రోజు అనలేదు. నేనూ ఉండలేదు.

మరుసటి పొద్దున అంగడి తీయలేదు. మా ఆయన పోయిన రోజు తర్వాత పొయ్యి వెలిగించకపోవడం అదే మొదటిసారి. విలేకరి నాకు తిరిగిచ్చిన ఉత్తరం మడత పెట్టి కొంగున కట్టుకుని, తొమ్మిదింటికి బడికి పోయాను. ఒక గదిలో బెంచీలు జరిపి కూర్చున్నారు. ఆడవాళ్ళు ఐదుగురు చాప మీద, మగవాళ్ళు నలుగురు కుర్చీల మీద. ఆ నలుగురిలో ముగ్గురు ఆ రోజు నా అంగట్లో నవ్వినవాళ్ళే.

"ఏమక్కా, అంగడి మూసినావు?" అన్నాడు ఆమె బావ. "పొద్దున్నుంచి కడుపు కాల్తాండాది."

"మీరంతా ఈడుంటే ఆడ ఎవురికి చేసేదన్నా?"

కొంగు ముడి విప్పి కాగితం తీస్తే హెడ్మాస్టరు చూశారు. "ఇచ్చి పోమ్మా, మేం చదువుకుంటాం."

"ఇచ్చేది లేదు సార్. ఒకసారి ఇచ్చినా, ఫొటో తీసినారు. నేనే చదువుతా."

చదివాను. నా చదువు వేగం మీకు తెలియదు. ఒత్తులు వచ్చిన చోట ఆగుతాను, పంక్తి తప్పితే మళ్ళీ మొదటికి పోతాను. గోడకు ఆనుకుని చదివాను. నేనే అన్నాను అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"ఏందక్కా ఇది? నిన్న శాలువా కప్పితే ఈరోజు మా ఇంటి మీదికే వస్తాండావే!"

చాప మీదినుంచి ఒకామె అంది. "ఆగన్నా. పెద్దామె చదువుతాంది కదా, చదవనీ."

చివరిదాకా చదివాను. ఆయన లేచి నిలబడ్డాడు. "అంటే మా తమ్మునిది తప్పు, నీది తప్పు కాదా?"

"నాదీ తప్పే అన్నా. ఇంతసేపూ అదే కదా చదివింది."

ఎవరూ నవ్వలేదు. ముగ్గురిలో ఒకాయన కిటికీ బయటికి చూస్తూ, "ఆ పొద్దు మేమూ నవ్వినాంలే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. చాప మీదామె హెడ్మాస్టరును అడిగింది. "అయితే ఆయమ్మది ఏం తప్పుంది సార్?"

హెడ్మాస్టరు ఆమె బావ వైపు చూశారు, తర్వాత రిజిస్టరు తెరిచారు. ఆరోగ్యం కుదుటపడగానే పనిలోకి రావచ్చునని ఒక్క పంక్తి రాశారు. అందరి సంతకాలూ అయ్యాక పుస్తకం ఆయన ముందుకు పోలేదు. "సభ్యురాలు మీ ఇంట్లో ఆమె కదండీ, సంతకం ఆమెదే కావాలి" అన్నారు హెడ్మాస్టరు. రెండేళ్ళుగా గుర్తురాని నియమం ఆయనకు ఆ పూట గుర్తొచ్చింది. మనిషిని పంపి పిలిపించారు. ఆమె పేడ చేతులు కడుక్కుని వచ్చింది. ఆ పంక్తిని వేలు పెట్టి చదువుకుంది. మొగుడి ముఖం చూడకుండా సంతకం పెట్టి, పాలు పొంగుతాయంటూ వెళ్ళిపోయింది.

నా ఉత్తరం ఫైల్లో పెట్టమని ఇచ్చాను. పెట్టినట్టు తారీఖు వేసి నాకొక కాగితం రాసివ్వమన్నాను. అది రాసిచ్చేదాకా నిలబడ్డాను.

తర్వాత పోయి పొయ్యి వెలిగించాను. పదకొండు గంటలకు ఉగ్గాని తినడానికి ఎవరూ రారు. అయినా చేశాను. గిన్నెలో సర్ది, మూత పెట్టి, పక్కింటామె తల్లిగారి ఊరి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. తింటుందో లేదో తెలియదు.